తొమ్మిదో గడి

గుడ్ల వాసన. పొద్దున్నే వచ్చి కిటికీలు బార్లా తెరిచినా, నేలంతా ఫినాయిలు పోసి తుడిపించినా పోని వాసన. పాలూ పంచదారా గుడ్లూ గిలక్కొట్టి గాజు పళ్ళెంలో పోసి, ఓవెన్ తర్వాత ఓవెన్‌లో పెట్టి, అంచులు గట్టిపడ్డాయా, నడుమ ఇంకా జారుగానే ఉందా అని ఆరేళ్ళుగా చూస్తున్న పరీక్షశాల ఇది, కొత్త ఓవెన్లకు నక్షత్రాలు వేసి పంపే చోటు. ఆ వాసన గోడల సున్నంలోకి ఇంకిపోయి కాస్త ఎండెక్కగానే మళ్ళీ బయటికి వస్తుంది. చీర కొంగులో ఉంది, జడలో ఉంది, ఇంటికెళ్ళి తల రుద్దుకున్నా దిండు మీద ఉంటుంది. ఆమె కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుంది. ఎదురుగా బల్ల మీద ఇరవై నాలుగో నంబరు మైక్రోవేవ్ ఓవెన్ తలుపు తెరుచుకుని తెల్లగా, శుభ్రంగా, ఏ పాపం ఎరగనట్టు కూర్చుంది. నీళ్ళ పరీక్ష ఇప్పుడే అయింది. ఇక యంత్రం పూర్తిగా చల్లారాలి, దానికి గంట. పదకొండయింది. పన్నెండింటికి ఫ్రిజ్‌లో ఉన్న బంగాళదుంప ముద్ద బయటికి తీసి, వేడి చేసి, తొమ్మిది చోట్ల థర్మామీటరు గుచ్చి, తొమ్మిది గడుల్లో తొమ్మిది అంకెలు రాయాలి. ఆరేళ్ళుగా చేస్తున్న పనే. కానీ ఇవాళ ఆ ముద్దను కలిపి కొలవాలా, కలపకుండా కొలవాలా అన్నది ఆమె ఒక్కదాని చేతిలో ఉంది, ఆ చేతిని చూసుకుంటేనే ఆమెకు రోత పుడుతోంది.

తలుపు తోసుకుని తూకాలాయన వచ్చాడు. గదిలో ఏది తూచాలన్నా ఆయనే, అందుకని ఆ పేరు. ఆమెకు ఆయన పెట్టిన పేరు డిగ్రీలమ్మ. కాఫీ ఎలా ఉందమ్మా అంటే బాగుంది అనకుండా అరవై రెండు అంటుందని కార్యాలయమంతా చెప్పి నవ్వించేవాడు. కలిపే గాజు కడ్డీని కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి తెచ్చి, పెళ్ళికూతురి నగలా గుడ్డ మీద పడుకోబెట్టాడు. "ముద్ద ఎనిమిది వందల గ్రాములు, ఒక్క గ్రాము అటూ ఇటూ లేదు. కడ్డీ ఇదిగో. ఇంకేమైనా కావాలా అమ్మా?" అన్నాడు. ఏమీ వద్దంది. ఆయన వెళ్ళకుండా గుమ్మంలో నిలబడి, మా చిన్నదానికి పరీక్షలయిపోయాయి, ఇంకో రెండేళ్ళు నేను ఇక్కడ లాగేస్తే అదీ ఓ దారిన పడుతుంది అన్నాడు, ఏమీ అడగకుండానే ఏదో అడిగినట్టు. ఆయనకు ఏమీ తెలియదు. లేకపోతే తెలుసా? పరీక్షశాలలో గోడలకు చెవులుంటాయో లేదో గానీ తూకాలాయనకు మాత్రం ఉన్నాయి. ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ రెండేళ్ళూ గుమ్మంలోనే నిలబడి ఉన్నట్టనిపించి ఆమె తల తిప్పుకుంది. తిప్పుకున్న చోట కడ్డీ ఉంది.

ఆ కడ్డీతోనే కదా అంతా. చేరిన మొదటి వారం, ఇప్పుడు రిటైరయిపోయిన పెద్ద సీనియర్ ఆమెను నీళ్ళ పరీక్ష దగ్గర నిలబెట్టాడు. లీటరు నీళ్ళు, పది డిగ్రీల చల్లదనంతో గాజు గిన్నెలో. ఓవెన్‌లో పెట్టు, ఇరవై డిగ్రీలకు రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడు, దాన్నిబట్టి యంత్రం సత్తా ఎన్ని వాట్లో లెక్క కట్టు. డబ్బా మీద వెయ్యి అని అచ్చేస్తారు, గిన్నెలో ఎనిమిది వందల యాభై తేలుతుంది, అదొక సరదా. కలపకుండా థర్మామీటరు ముంచబోతే ఆయన ఆమె వేళ్ళ మీద పెన్నుతో కొట్టాడు. "కలుపు! కలపకుండా కొలిస్తే అది కొలతా? పైన వేడి, కింద చల్లన. కలిపితేనే నిజం." మూడు చుట్లు, కుడివైపుకి, కడ్డీ గిన్నెకు తగలకుండా. ఆ మూడు చుట్లూ ఆమె చేతిలో అలా పాతుకుపోయాయి. ఇంట్లో టీ చల్లారబెట్టినా మూడు చుట్లే, మందు కలిపినా మూడు చుట్లే. తర్వాత ముద్ద పరీక్ష ఆమెకు అప్పగించారు. అది వేరే పరీక్ష. యంత్రం ఎంత వేడి చేస్తుందో కాదు, అన్ని చోట్లా సమంగా వేడి చేస్తుందో లేదో చూసేది. నాలుగు మూలలు, నాలుగు పక్కలు, తొమ్మిదోది నట్టనడుమ. నియమాల పుస్తకంలో ఆ పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, కొలిచేముందు కలపరాదు అని ఒక్క ముక్క ఉంది. ఆమె చదివింది కూడా. చదివినది కళ్ళు, కలిపినది చెయ్యి. ఓవెన్‌లోంచి పళ్ళెం తీయగానే చెయ్యి దానంతటది కడ్డీ అందుకుని మూడు చుట్లు తిప్పేసేది, తర్వాత థర్మామీటరు తొమ్మిది చోట్లా గుచ్చితే యాభై తొమ్మిది, అరవై, అరవై, అరవై ఒకటి. అబ్బ, ఎంత సమం! కలిపేశాక సమంగా ఉండక చస్తుందా? ఇరవై మూడు మోడళ్ళు, ఇరవై మూడింటికీ నాలుగు నక్షత్రాలు. ఒక్కటైనా తేడా రాలేదేమిటని ఆరేళ్ళలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అడగలేదు. అమ్మేవాళ్ళకు సంతోషం, కొనేవాళ్ళకు సంతోషం, డైరెక్టరుకు ఇంకా సంతోషం. ఆమెకు కూడా. నా చేతిలో పడితే ఏ యంత్రమైనా బుద్ధిగా ఉంటుందని తూకాలాయనతో జోకు కూడా వేసింది ఒకసారి. ఇప్పుడా జోకు గుర్తొచ్చి నాలుక మీద చేదు తగిలింది.

మావయ్య నవ్వేవాడు, ఆ జోకు చెబితే. అప్పటికింకా ఆయనకు మాట ఉంది. దర్జీ ఆయన, ముందు గదిలోనే కుట్టు మిషను, మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క. కొడుకు పెళ్ళికి, అంటే ఆమె పెళ్ళికి, తన సూటు తానే కుట్టుకున్న మనిషి. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో అన్నం తింటూ గొప్పగా చెప్పింది, తొమ్మిది చోట్ల కొలిచి సగటు తీస్తాం మావయ్యా అని. ఆయన చెయ్యి ఆపాడు. "సగటా? అమ్మాయ్, ఒకడికి ఎడమ భుజం ఎత్తు, కుడి భుజం పల్లం ఉంటుంది. రెండూ కలిపి సగం చేసి కుట్టావనుకో, ఆ చొక్కా ఎటూ పట్టదు. నేను ముందు పల్లం చూస్తాను." ఆమె నవ్వేసింది. ముసలాయన, మిషను తొక్కుకునే ఆయన, సైన్సు ఏం తెలుసులే అనుకుంది. అనుకుంది, అవును, ఇప్పుడు దాచుకుని ఏం లాభం. రెండేళ్ళ కిందట ఒక పొద్దున పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది, మాట పోయింది, టేపు మేకుకు వేలాడుతూ ఉండిపోయింది. మింగడానికి వీలుగా అన్నీ మెత్తగా చేసి పెట్టాలి. బంగాళదుంప ముద్దలో కైమా మెత్తగా నూరి కలిపి పెడితే ఇష్టంగా తినేవాడు. ఆమె ఆదివారం నాడే నాలుగు గిన్నెలు చేసి ఫ్రిజ్‌లో పెట్టేది, రోజుకొకటి వేడి చేసేది. ఇంట్లో ఓవెన్ పదిహేడో నంబరు. తన చేత్తో నాలుగు నక్షత్రాలు వేసిన యంత్రమని ఏరికోరి కొనిపించింది. వంటింట్లో దాని మీద క్రోషియా గుడ్డ కూడా పరిచింది, ఛీ.

ఆ బుధవారం. నాలుగు నక్షత్రాల యంత్రం కదా అని కలపకుండానే గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుంది, ఆయన మెడకింద తువ్వాలు పెట్టింది. గిన్నె అంచుల్లోంచి ఆవిరి వస్తోంది. అంచు నుంచి మొదటి చెంచా తీసి తన పెదవికి ఆనించి చూసింది, చురుక్కుమంది, ఊది పెట్టింది. ఆయన తిన్నాడు. అంచు వెంబడే తిరుగుతూ పెట్టింది, తిన్నాడు. ఆఫీసు నుంచి ఫోను మోగుతోంది. గిన్నె నడుమకు వచ్చేసరికి ఆయన నోరు మూశాడు. పడిపోయిన వైపు పెదవి కూడా మూసుకుంది, ఎలా మూశాడో. మొహం గోడవైపు తిప్పాడు. "మొండికేయకండి మావయ్యా, రెండు ముద్దలే." ఆయన తిరగలేదు. అప్పుడు ఆమె ఏం చేసింది? గడ్డం పట్టుకుని తన వైపు తిప్పింది. మెల్లగానే, కోడలు మామగారిని తిప్పినంత మర్యాదగానే తిప్పింది. అదే ఇంకా అసహ్యం. చెంచా అంచుతో పెదవులు విడదీసి లోపల పెట్టింది. ఆయన ఆమె కళ్ళలోకి చూస్తూ మింగాడు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ చూస్తూ మింగాడు. తువ్వాలుతో మూతి తుడిచి, బంగారు మావయ్య అని, ఫోనందుకోవడానికి పరిగెత్తింది. ఫోనులో డైరెక్టరు, పద్దెనిమిదో నంబరుకు ప్రశంసాపత్రం వచ్చిందమ్మా అన్నాడు. అదే గంటలో, అదే ఇంట్లో.

రాత్రికి వాంతులు, తెల్లారేసరికి జ్వరం, ఎనిమిది రోజులు ఆసుపత్రి. ముక్కులో గొట్టం, చేతికి సూది, కింద బేసిను. ఆ బేసిను తీసుకెళ్ళి ఒంపి కడుగుతుంటే దానిలోంచి కూడా కైమా వాసనే. ఏం తిన్నారని డాక్టరమ్మ అడిగింది. పేరుపేరునా చెప్పింది. "వేడివేడిగానే పెట్టానండీ, నేను ఆ పనే చేస్తాను," అంది, గొప్పగా కూడా అంది. డాక్టరమ్మ కాగితం మీంచి తలెత్తకుండా, "నడుమ కూడా వేడిగా ఉందా?" అంది. అంతే, ఒక్క మాట. ఆ రాత్రి ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా మిగిలిన గిన్నె తీసి పదిహేడో నంబరులో పెట్టి, తన పరీక్ష చార్టులో తను రాసినన్ని నిమిషాలే వేడి చేసి, చెయ్యి కడ్డీ కోసం తడుముకుంటుంటే ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఆపి, నడుమ థర్మామీటరు గుచ్చింది. ఇరవై ఒకటి. అంచు ఎనభై దాటింది. పైన పటారం, లోన లొటారం అంటారే, అది ఆమె సంతకం పెట్టిన యంత్రం. లోపలి ముద్ద నాలుగు రోజుల కిందటిది, చల్లగా, జిగటగా, అందులో చేరిన క్రిములు చావడానికి తగలాల్సిన వేడి తగలకుండా. సింకు దగ్గర నిలబడి డోకింది. ఆయన బతికాడు. బతికి ఇంటికొచ్చాడు. కానీ ఆ రోజు నుంచి ఆమె చెంచా పట్టుకుని వస్తే మొహం గోడవైపు తిప్పుకుంటాడు. కొడుకు పెడితే తింటాడు. నాన్నకు ఏదో పడలేదు, వయసు కదా, నువ్వేం బాధపడకు అంటాడు భర్త ఆమెనే ఓదారుస్తూ, ఆమె తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటుంది. మూడు నెలలు. మూడు నెలలుగా ఆ ఓదార్పు తింటోంది. ఇంతకన్నా రోత ఇంకేముంటుంది.

పదకొండున్నర. ఓవెన్ లోపల చెయ్యి పెట్టి చూసింది, ఇంకా వెచ్చన. పోయిన శుక్రవారం డైరెక్టరుకు చెప్పేసింది. ఆయన గదికి వెళ్ళేసరికి పొద్దుటి పరీక్షలో కాల్చిన కేకు తింటున్నాడు. పరీక్ష తిండి పారేస్తే పాపం అని ఆయన నియమం. ప్రతి పరీక్ష అయ్యాక వచ్చి ఒక చెంచా రుచి చూసి, రిపోర్టులో రుచి చూడబడినది అని సంతకం పెట్టడం ఈ పరీక్షశాలలో ఆచారం. ఎప్పుడూ అంచే తింటాడు. అంతా విన్నాడు. వింటున్నంతసేపూ చెంచా వెనకవైపు నాకుతూనే ఉన్నాడు. విన్నాక లేచి తలుపు దగ్గరికి వేసి, "ఎవరికైనా చెప్పావా?" అన్నాడు. మీ మావగారికి ఇప్పుడెలా ఉంది అని కాదు. లేదంది. "మంచిపని చేశావు. చూడమ్మా, పద్ధతి అంటే పద్ధతి. ఇరవై మూడింటిని కలిపి కొలిచి, ఇరవై నాలుగోదాన్ని కలపకుండా కొలిస్తే దానికి అన్యాయం కదా? తప్పయినా అందరికీ ఒకే తప్పు ఉండాలి, అది న్యాయం." ఆ మాట అంటూ మీసానికి అంటుకున్న కేకు పొడి వేలితో తీసి నోట్లో వేసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఇరవై మూడూ వెనక్కి తీసుకుంటే ఈ తలుపులు మూసుకోవడమే, తూకాలాయన ఎక్కడికి పోతాడు, నువ్వెక్కడికి పోతావు, ముందు జనం అడిగేది కలిపిన చెయ్యి ఎవరిదనే కదా అన్నాడు. నిజమే. ఆయన అన్నవాటిలో అదొక్కటి నిజం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు; ఇక్కడ ఆమె చేతులు కాలలేదు, చల్లగా, శుభ్రంగా, తెల్ల తొడుగుల్లో ఉన్నాయి. కాలవలసినవి అవే.

ఇరవై మూడు రకాల యంత్రాలు, ఒక్కొక్క రకం ఎన్ని ఇళ్ళల్లో ఉందో. ఎవరో ఒక తల్లి పిల్లవాడి గిన్నె అంచు ముట్టుకుని చూసుకుని, కాగిందిలే అనుకుంటుంది. పనినుంచి అలిసొచ్చిన నర్సు ఎవరో నిలబడే తినేస్తుంది. నోరు లేని ముసలివాడెవడో మొహం తిప్పుకుంటాడు, నాలుగు నక్షత్రాల యంత్రం తాతా, మొండికేయకు అని ఎవరో గడ్డం పట్టుకుంటారు. ఎన్ని గడ్డాలు. ఇవాళ కలిపితే ఇరవై నాలుగు అవుతుంది, అంతే కదా, ఇరవై మూడుకు ఒకటి ఎక్కువ, ఏం కొంప మునిగింది అని లోపల ఒక గొంతు అంటోంది. ఆ గొంతుకూ కేకు పొడి అంటుకునే ఉంది. కలపకపోతే? భర్తకు చెప్పాలి. ఆయన ఓదార్చిన మూడు నెలలూ ఆయనకు తిరిగి ఇచ్చేయాలి. తూకాలాయన చిన్నకూతురు. తన పేరు పత్రికలో. చీదరగా ఉంది, అన్నింటికంటే తను ఇంకా బేరమాడుతోందని చీదరగా ఉంది. గుడ్ల వాసన మళ్ళీ లేచింది. లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది. కడుక్కుంటే పోయేది కాదని తెలిసే సబ్బుతో రెండోసారి కడుక్కుంది.

పన్నెండు. యంత్రం చల్లారింది. ముద్ద లోపల పెట్టింది, తలుపు వేసింది, పళ్ళెం తిరగడం మొదలైంది, పసుపుపచ్చ వెలుగులో అంచుల నుంచి సన్నగా ఆవిరి లేచింది. గంట మోగేసరికి డైరెక్టరు చెంచాతో సహా వచ్చేశాడు, ఆయన వెనక తూకాలాయన. పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఆమె కుడి చెయ్యి, ఎవరూ చెప్పకుండానే, కడ్డీ అందుకుంది. ముద్దకు బెత్తెడు దూరంలో ఆగింది. తూకాలాయన వైపు కడ్డీ చాపింది. ఆయన ఒక క్షణం ఆమెను చూసి, తీసుకుని గుడ్డలో చుట్టాడు. థర్మామీటరు గుచ్చడం మొదలుపెట్టింది. మూల ఎనభై నాలుగు, మూల ఎనభై ఒకటి, పక్క డెబ్బై. ఈలోగా డైరెక్టరు అలవాటు ప్రకారం అంచు నుంచి ఒక చెంచా తీసుకుని నోరు తెరిచి ఆవిరి వదులుతూ, "బ్రహ్మాండంగా కాగింది, చూడు," అన్నాడు. ఎనిమిది గడులు నిండాయి. నడుమ గుచ్చింది. అంకెలు దిగాయి, నలభై, ముప్ఫై, ఇరవై నాలుగు, పంతొమ్మిది దగ్గర ఆగాయి. కలం గడి మీద పెట్టింది గానీ రాయలేదు. ఆరేళ్ళలో ఈ నడుమ ముద్ద రుచి ఎలా ఉంటుందో తనకు తెలియదని తట్టింది. ఇంకో చెంచా అందుకుని, నట్టనడుమ నుంచి తీసి, నోటి దగ్గరికి తెచ్చుకుంది.

పెదవులు మూసుకున్నాయి. ఆమె మూయలేదు. చల్లటి, జిగురు జిగురుగా ఉన్న ఆ ముద్ద అంటగానే వాటంతటవే బిగుసుకున్నాయి. తెరువు, ఒక్క ముద్దే కదా, మొండికేయకు అని తనకు తానే చెప్పుకుంది. తెరుచుకోలేదు. మెడ కూడా పక్కకు తిరిగిపోతోంది, గోడవైపు. అప్పుడు అర్థమైంది ఆమెకు, మూడు నెలలు ఆలస్యంగా. మావయ్య ఆ రోజు మొండికేయలేదు. మాట లేని మనిషి తనకు మిగిలిన ఒక్క విధంగా చెప్పాడు, నడుమ చల్లగా ఉందమ్మా అని. చెప్పిన నోటిని ఆమె చెంచాతో తెరిచింది.

చెంచా దించి, తొమ్మిదో గడిలో సిరాతో పంతొమ్మిది అని రాసింది. "ఏం రాస్తున్నావు? కలపలేదా?" అన్నాడు డైరెక్టరు, నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా. "లేదండీ. ఆ ఇరవై మూడూ కూడా కలపకుండా మళ్ళీ కొలవాలి. కలిపింది నేనని నేనే రాసిస్తాను," అని, ఆమె నడుమ నుంచి తీసిన చెంచాను ఆయన ముందు పెట్టింది. "మీరు రుచి చూడాల్సింది ఇది. చూసి సంతకం పెట్టండి." ఆయన ఆ చెంచాను చూశాడు, ఆమెను చూశాడు. ఆయన పెదవులు కూడా మూసుకున్నాయి. తూకాలాయన గుమ్మం దగ్గర గుడ్డలో చుట్టిన కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు, కళ్ళు నేలమీద. తొడుగులు విప్పి బుట్టలో పడేసింది. సాయంత్రం మావయ్య మంచం పక్కన కూర్చోవాలి, చేతిలో చెంచా లేకుండా. భర్తను కూడా కూర్చోబెట్టి, ఆ బుధవారం నుంచి మొదలుపెట్టి ఇద్దరికీ చెప్పాలి. మావయ్య మొహం గోడవైపు తిప్పుకుంటాడు. తిప్పుకోనీ. ఈసారి గడ్డం పట్టుకోదు.